బ్రష్ వెళ్లని చోటే పుచ్చు: పళ్ల గురించి పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ‘రోజూ పళ్లు తోముకుంటున్నాం, అయినా పాడవుతున్నాయి.’ తోమడం నిజమే. కానీ బ్రష్ ఎక్కడ ఆనుతోంది, ఏ వేళ ఆనుతోంది అన్నది ఎవరూ రాయలేదు. జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే.

ప్రశ్న: నా వయసు 42. ఆరు నెలలుగా బ్రష్ చేస్తుంటే కింది చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. భయమేసి ఆ వైపు తోమడం మానేశాను, ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. క్లీనింగ్ చేయించుకోమని డాక్టర్ అన్నారు. చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మా ఇంట్లో అంటున్నారు. ఏది నిజం?
– ఒక టీచర్, తెనాలి

జవాబు: రక్తం వచ్చే చోట తోమడం మానేస్తే రక్తం ఇంకా ఎక్కువవుతుంది. అక్కడ చిగురు వాచింది, వాపుకు కారణం పాచి. పాచి అంటే తిన్నది మిగిలిపోవడం కాదు, పంటిని అంటిపెట్టుకుని పెరిగే క్రిముల పొర. పొద్దున లేవగానే పంటి మొదట్లో గోటితో గీకి చూడండి, మెత్తగా, తెల్లటి జిగురులా గోట్లోకి వచ్చేది అదే. పుక్కిలిస్తే అది పోదు. గిన్నెకు పట్టిన జిడ్డు నీళ్లు పోస్తే పోనట్టే, దీన్నీ రుద్దాల్సిందే. రుద్దకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడుతుంది, దాన్నే గార అంటాం. గార కట్టాక ఇంట్లో ఏ బ్రష్షూ దాన్ని ఊడదీయలేదు.

మీకు కింది పళ్ల దగ్గరే ఎందుకు వచ్చిందంటే, నాలుక కింద లాలాజలం ఊరే గొట్టాలు సరిగ్గా కింది ముందు పళ్ల వెనక తెరుచుకుంటాయి. అందుకే గార ముందు అక్కడ కడుతుంది. తోమేటప్పుడు మనం మరిచిపోయే చోటు కూడా అదే, ఎందుకంటే అద్దంలో కనిపించదు.

ఇక చేయాల్సిన పని. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకోండి. ‘మీడియం’, ‘హార్డ్’ అని రాసినవి వద్దు. పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు మీద ఉండేలా, చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి ఆనించండి. పెద్ద ఊపులు వద్దు. రెండేసి పళ్ల దగ్గర, ఉన్నచోటే వణికించినట్టు పది పన్నెండు సార్లు కదిపి, తర్వాత పంటి అంచు వైపు ఊడ్చండి. కింది ముందు పళ్ల లోపలి వైపుకు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని, కొన భాగంతో చిగురు నుంచి పైకి లాగండి. నోటిని నాలుగు భాగాలు అనుకుంటే భాగానికి అర నిమిషం, మొత్తం రెండు నిమిషాలు. గడియారం పెట్టుకుని మొదటిసారి చూస్తే రెండు నిమిషాలు ఎంత పొడుగో తెలిసి ఆశ్చర్యపోతారు.

మొదటి మూడు నాలుగు రోజులు రక్తం వస్తూనే ఉంటుంది. భయపడకండి, మానకండి. గార లేని చోట రెండు వారాల్లో రక్తం ఆగిపోవాలి. ఆగని చోట గార ఉందని లెక్క.

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ల భయం. వరదకు మొదట్లో మట్టి కొట్టుకుపోయిన చెట్టు చుట్టూ చెత్త పేరుకుంటే, చెట్టు ఇంకా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. చెత్త తీశాక ఊగితే తప్పు తీసినవాడిదా? చిగుళ్ల జబ్బు ముదిరితే పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుంది. గార ఆ పళ్లను కొన్నాళ్లు ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. క్లీనింగ్‌తో ఆ అతుకు పోతుంది, అప్పటిదాకా దాగిన కదలిక బయటపడుతుంది. గార అలాగే ఉంచితే ఎముక ఇంకా కరుగుతుంది. కాబట్టి పళ్లు కదలకముందే, ఇప్పుడే చేయించుకోండి. చేయించాక వారం పదిరోజులు చల్లనివి జివ్వుమంటాయి, అది మామూలే.

ఇంకొక్క మాట. నలభై దాటి, చిగుళ్ల వాపు తగ్గనంటుంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు. చిగుళ్లలో వాపు ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. పై ముందు పళ్లు నాలుగూ గోధుమ రంగులోకి మారి, అంచులు విరిగిపోతున్నాయి. కింది పళ్లు బాగానే ఉన్నాయి. రాత్రి పాల సీసా నోట్లో లేకపోతే నిద్రపోడు. ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా, వదిలేయమంటున్నారు పెద్దవాళ్లు.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: కింది పళ్లు బాగుండి పైవి మాత్రమే పోతున్నాయని రాశారు చూడండి, కారణం అందులోనే ఉంది. సీసా చప్పరిస్తున్నప్పుడు నాలుక కింది పళ్లను కప్పేస్తుంది, పాలు పై పళ్ల చుట్టూ నిలుస్తాయి. మెలకువగా ఉంటే లాలాజలం వాటిని కడిగేస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. పాలల్లో పంచదార కలుపుతుంటే పని ఇంకా వేగంగా జరుగుతుంది.

సీసా ఒక్కరోజులో మాన్పించడం ఏ తల్లివల్లా కాదు. ముందు పంచదార మానేయండి. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు కలుపుతూ, రెండు వారాల్లో సీసాలో నీళ్లే మిగిలేలా చేయండి. నీళ్ల సీసా మీద పిల్లలకు మోజు త్వరగానే పోతుంది. పాలు పడుకోబోయే ముందు గ్లాసుతో తాగించి, పళ్లు తోమి, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి.

తోమాల్సింది మీరు, బాబు కాదు. షూ లేసు కట్టుకోవడం వచ్చేదాకా, అంటే ఏడెనిమిదేళ్ల దాకా, పిల్లల చేతికి ఆ పనితనం రాదు. బాబును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తల మీ వైపు ఉంచుకుని, పై పెదవిని వేలితో ఎత్తి తోమండి. పేస్ట్ మూడేళ్ల లోపు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలలా పరిచి చూపిస్తారు, అది పేస్ట్ త్వరగా అయిపోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పాలపళ్లు వదిలేయడం గురించి: ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ నమిలే పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి రావాల్సిన పంటికి దారి లేకుండా పోతుంది. ముందు పళ్లతో మొదలైన పుచ్చు దవడపళ్లకు పాకుతుంది. అందుకని ఈ నెలలోనే పిల్లల దంతవైద్యులకు చూపించండి. పై పెదవి ఎత్తి చూస్తే చిగురు పక్కన సున్నం గీసినట్టు తెల్లటి గీత కనబడడం పుచ్చుకు మొదటి గుర్తు. ఆ దశలో ఫ్లోరైడ్ పూతతో ఆపొచ్చు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. ఇకముందు పుట్టే బిడ్డకైనా ఏడాది నిండేసరికి ఒకసారి పళ్లు చూపించండి.

ఇక్కడే చెప్పుకోవాల్సింది ఇంకోటి. ఆరో ఏట పాలపళ్లన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడపన్ను వస్తుంది. ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు చాలామంది. కాదు, జన్మంతా ఉండాల్సిన పన్ను అది. పెద్దవాళ్లు పీకించుకున్నది ఏ పన్నని చూస్తే చాలాసార్లు ఇదే తేలుతుంది. దాని మీద లోతైన గాళ్లుంటాయి, బ్రష్ కుచ్చు వాటిలోకి దూరదు. వచ్చిన వెంటనే ఆ గాళ్లను ‘సీలెంట్’ వేసి మూసేస్తే మేలు. సూది, నొప్పి ఏమీ ఉండవు.

ప్రశ్న: రెండు పూటలా బ్రష్ చేస్తాను, స్వీట్లు తినను. అయినా ఏడాదిలో మూడు పళ్లు పుచ్చాయి. షాపులో కూర్చుంటాను, రోజుకు ఏడెనిమిది టీలు అవుతాయి.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్వీట్లు తినరు, తాగుతారు. టీలోని పంచదార నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచిలోని క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఎంత పెరిగితే పీహెచ్ అనే కొలత అంత తగ్గుతుంది; అది 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తెచ్చేసరికి అరగంట పైనే పడుతుంది. ఎనిమిది టీలంటే రోజులో కనీసం నాలుగు గంటలు మీ పళ్లు ఆమ్లంలో నానుతున్నాయన్నమాట. ఒక్కో టీని పావుగంట సేపు చప్పరిస్తూ తాగే అలవాటుంటే లెక్క ఇంకా పెరుగుతుంది. అదే పంచదార మొత్తం ఒక్కసారి భోజనంతో కడుపులోకి పోతే పంటికి అంత నష్టం లేదు. ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు అన్నది ముఖ్యం.

టీ మానమని చెప్పం, చెప్పినా మీరు వినరు. రెండు టీలు మామూలుగా తాగండి, మిగతావి పంచదార లేకుండా. తాగాక రెండు గుక్కల మంచినీళ్లు నోరంతా తిప్పి మింగండి. టీతో బిస్కెట్ మాత్రం మానేయండి, నమిలాక ముద్దలా దవడపళ్ల గాళ్లలో కూరుకుపోయి గంటలకొద్దీ అక్కడే ఉంటుంది. దగ్గు సిరప్ రాత్రి తాగి అలాగే పడుకోవడం కూడా ఇదే బాపతు.

మీ రెండు పూటల బ్రషింగ్‌లో రాత్రిది భోజనం తర్వాత చేస్తున్నారా, అన్నది చూసుకోండి. ఒకటే పూట తోమే ఓపిక ఉంటే అది రాత్రి పూటే కావాలి. తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పలచగా మిగిలిన పేస్ట్‌లోని ఫ్లోరైడ్ రాత్రంతా పంటి మీద పనిచేస్తుంది. మొదట్లో నోరు కడుక్కోనట్టు అనిపిస్తుంది, వారంలో అలవాటవుతుంది. పళ్ల సందుల్లో మాత్రం ఏ బ్రష్షూ వెళ్లదు. మీ మూడు పుచ్చులూ రెండు పళ్లు కలిసే చోటే ఉంటే, రాత్రి ఒకసారి ఫ్లాస్ అనే సన్నటి దారం వాడక తప్పదు. మూరెడు దారం తీసుకుని రెండు చేతుల నడివేళ్లకు చుట్టుకోండి. సందులోకి రంపంలా మెల్లగా దించి, ఒక పంటిని చుట్టినట్టు పట్టి పైకి కిందికి రెండు మూడు సార్లు లాగండి. తర్వాత పక్క పంటిని. గుండుసూదులు, పిన్నీసులు వద్దు.

ప్రశ్న: మా తాతగారు 85 ఏళ్లు వేపపుల్లతోనే తోమారు, ఒక్క పన్నూ ఊడలేదు. నేను బొగ్గుపొడి, ఉప్పు కలిపి వాడుతున్నాను. పళ్లు తెల్లగానే ఉన్నాయి కానీ జివ్వుమంటున్నాయి.
– అనంతపురం

జవాబు: తాతగారి పళ్లు నిలవడంలో వేప చేదు పాత్ర ఎంతో చెప్పలేం కానీ, పుల్లను కుచ్చులా నమిలి, పావుగంట సేపు ఒక్కో పంటినీ రుద్దే ఓపిక ఆయనకుంది. రోజుకు ఎనిమిది టీలూ, బిస్కెట్లూ ఆయన తిండిలో లేవు. పుల్ల మీరూ వాడొచ్చు, కొన బాగా మెత్తగా నలిగితేనే. అయితే పంటి లోపలి వైపుకూ, దవడపళ్ల సందులకూ అది చేరదు, ఫ్లోరైడూ ఇవ్వదు.

మీ సమస్య బొగ్గుపొడి. కచ్చిక బూడిద, ఇటుకపొడి, కొన్ని ఎర్ర పళ్లపొళ్లు కూడా అదే చేస్తాయి. తళతళలాడించేది మరక పోవడం కాదు, పంటి పైపొర అరగడం. అద్దం ముందు పెదవి లాగి కోరపళ్ల మొదట్లో, చిగురు పక్కన, గోరు పెట్టి జార్చండి. గొడ్డలితో చిన్న గాటు పెట్టినట్టు అక్కడ గోరు తట్టుకుంటే ఎనామిల్ అరిగి లోపలి పొర బయటపడిందన్నమాట. చల్లనిది తగిలితే జివ్వుమనేది అక్కడే. అరిగింది తిరిగి పెరగదు. పొడి ఈ రోజే ఆపి, మెత్తటి బ్రష్, సెన్సిటివిటీకి వాడే పేస్ట్ మొదలుపెట్టండి. దాని గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గాటు లోతుగా ఉంటే ఫిల్లింగ్ వేయించాలి. ఉప్పు పుక్కిలింతకు మంచిదే, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లకు అరచెంచా. రుద్దడానికి మాత్రం కాదు.

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. నాకు చిన్నప్పటి నుంచీ పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. మా పాపకు ఫ్లోరైడ్ పేస్ట్ వాడితే తనకూ అలాగే వస్తుందేమో?
– నల్లగొండ జిల్లా

జవాబు: ఫ్లోరైడ్ పేరు వింటేనే మీ ప్రాంతంలో ఉలిక్కిపడడం సహజం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఈ బాధను ఫ్లోరోసిస్ అంటారు. తెలుగు నేలమీద ఇది 1937లోనే, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. నల్లగొండ పేరు మీద నీటి శుద్ధి పద్ధతే ఒకటి ఉంది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించడం.

చారలు బయటి నుంచి పట్టినవి కావు. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా, కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి. పన్ను బయటికి వచ్చాక పైనుంచి తగిలే ఫ్లోరైడ్ వల్ల చారలు రావు. మింగితేనే ఇబ్బంది.

లెక్క చూడండి. మన దేశంలో పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబ్ మీద రాయాలి. అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్ట్ సుమారు పావు గ్రాము, అందులో పావు మిల్లీగ్రాము. అందులోనూ ఎక్కువ భాగం ఉమ్మేస్తుంది పాప. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరే అంటాయి మన ప్రమాణాలు. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రెండు గ్లాసులు తాగితే అక్కడే ఒకటిన్నర. కాబట్టి చూడాల్సింది పేస్ట్‌ను కాదు, బిందెను. పాపకు తాగడానికీ, వంటకీ బోరు నీళ్లు వద్దు. కుళాయికి వచ్చే నది నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ వాడండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పేస్ట్ చెప్పిన కొలతలో, మీ ఎదుటే, ఉమ్మించి వాడండి. మీ చారలకు క్లినిక్‌లో చేసే పద్ధతులున్నాయి. నిమ్మకాయతో రుద్దడం మాత్రం చేయకండి.

ప్రశ్న: ఏడాదిగా పచ్చడి తింటే నోరు మండిపోతోంది. ఈ మధ్య నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. గుట్కా మానేశాను, ఉత్త వక్కపొడి మాత్రమే వేసుకుంటాను.
– 27 ఏళ్ల పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈ ఉత్తరాలు రాసినవాళ్లలో అందరికంటే తొందరపడాల్సింది మీరే. నోరు తెరిచి చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. మూడూ పట్టాలి. రెండే పడితే బుగ్గల లోపలి పొర కింద నారలా గట్టి కండ కడుతోందని అనుమానించాలి. దీనికి ప్రధాన కారణం పొగాకు కాదు, వక్కే. అందుకే గుట్కా మానినా మీకు తగ్గలేదు. వక్కను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. సువాసన వేసిన పొట్లమైనా, పెళ్లి తాంబూలంలోదైనా వక్క వక్కే. ఈ రోజు నుంచి పూర్తిగా మానేసి, ఈ వారమే డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించుకోండి. మానితే ముదరడం చాలావరకు ఆగుతుంది, కట్టిన నార దానంతటది కరగదు. బుగ్గలో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే అది కూడా చెప్పండి.

ఉత్తరాంధ్ర పాఠకులకూ ఒక మాట: చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, టార్చ్ వేసి వాళ్ల అంగిలి చూడండి. తెల్లగా మందంగా కనిపిస్తే తీసుకెళ్లండి.

ప్రశ్న: మూడో నెల. వేవిళ్లు ఎక్కువ. వాంతి అయిన వెంటనే బ్రష్ చేసుకుంటున్నాను, మంచిదేనా?
– రాజమహేంద్రవరం

జవాబు: కాదు. కడుపులోని ఆమ్లం తగిలి మెత్తబడ్డ ఎనామిల్‌ను బ్రష్ అరగదీస్తుంది. గ్లాసుడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. అరగంట తర్వాత తోమండి. పేస్ట్ వాసనకే వికారం వస్తే కొన్నాళ్లు బ్రాండ్ మార్చి చూడండి, పొద్దున కుదరకపోతే మధ్యాహ్నం తోమండి. ఈ నెలల్లో చిగుళ్లు వాయడం మామూలే. క్లీనింగ్, ఫిల్లింగ్ లాంటివి నాలుగు నుంచి ఆరో నెల మధ్య సుఖంగా చేయించుకోవచ్చు.

ప్రశ్న: పిప్పి పన్ను పదిరోజులు నరకం చూపించింది. లవంగ నూనె పెట్టాక పూర్తిగా తగ్గింది. పురుగు చచ్చినట్టేనా?
– ఖమ్మం

జవాబు: పంట్లో పురుగు ఉండదు. సంతల్లో పంటి నుంచి తీసి చూపించే పురుగులు చూపించేవాడి చేతిలోవే. మీ విషయంలో చచ్చింది బహుశా పంటి నరం. చల్లనిది తగిలితే జివ్వుమని వెంటనే పోవడం మొదటి దశ, అప్పుడే వస్తే ఫిల్లింగ్‌తో సరిపోయేది. వేడికి నొప్పి మొదలై చాలాసేపు ఉండడం, రాత్రి పడుకుంటే ఎక్కువవడం రెండో దశ, అప్పటికి నరం వాచింది. తర్వాత నొప్పి దానంతటది ఆగిపోతే నరం చచ్చి, చీము వేరు కొసకు దిగుతోందని. ఇంకొన్నాళ్లకు చిగురు మీద చిన్న పొక్కు, దవడ వాపు రావచ్చు. ఎక్స్‌రే తీయించి, పన్ను నిలిచేలా ఉంటే చచ్చిన నరం తీసి లోపల శుభ్రం చేసి మూసే రూట్ కెనాల్ చేయించండి. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఎవరైనా ఆపితే ఆగకండి, రెంటికీ సంబంధం లేదు. లవంగ నూనె దూదికి ఒక్క చుక్క, పన్ను గుంటలోనే. చిగురుకు తగిలితే కాలుతుంది. ఆస్ప్రిన్ బిళ్ల పంటి పక్కన పెట్టుకోవడం అంతకంటే చెడ్డ పని, బుగ్గ తెల్లగా ఉడికిపోతుంది.

ప్రశ్న: అమ్మ కట్టుడు పళ్లు రాత్రి కూడా పెట్టుకునే పడుకుంటుంది. అంగిలి ఎర్రబడింది.
– హైదరాబాద్

జవాబు: సెట్ కింద గాలి, లాలాజలం ఆడక ఫంగస్ చేరింది. రాత్రి ఆరేడు గంటలు తీసి ఉంచాల్సిందే. తీశాక మెత్తటి బ్రష్‌తో, చేతులు కడిగే సబ్బుతో తోమండి. పేస్ట్ వాడితే గీతలు పడి మళ్లీ ఫంగస్‌కు చోటిస్తాయి. సింకులో నీళ్లు నింపుకునో, కింద తువ్వాలు పరుచుకునో కడగండి, జారిపడితే రెండు ముక్కలవుతుంది. రాత్రంతా మామూలు నీళ్లలో మునిగేలా ఉంచండి. వేడినీళ్లు పోస్తే వంకర తిరుగుతుంది, ఆరబెడితే కొలత మారుతుంది. పొద్దున పెట్టేముందు అమ్మగారి అంగిలిని, నాలుకను తడిగుడ్డతో తుడవండి. పది రోజుల్లో ఎరుపు తగ్గకపోతే ఫంగస్ మందు కావాలి. సెట్ వదులైందేమో కూడా అప్పుడే చూపించండి.